ఆకురాయి మొదలు లేతు వరకు: లోహపు పనిలో అభ్యాసములు

పదవ తరగతి ముగిసిన పిదప మన విద్యార్థులలో కొందరు ప్రతి సంవత్సరమును పారిశ్రామిక శిక్షణ సంస్థలలో, అనగా అందరును ఐ.టి.ఐ. అని పిలుచు సంస్థలలో, చేరుచుందురు. ఇవి 1950లో భారత ప్రభుత్వము ఆరంభించిన చేతివృత్తుల శిక్షణ పథకము ననుసరించి నడచునవి. అందులో ఫిట్టరు, టర్నరు, మెషినిస్టు అను మూడు వృత్తులు లోహమును కోసి, చెక్కి, కోరిన కొలతకు తెచ్చు పనికి సంబంధించినవి. ఒక్కొక్కదానికి రెండేండ్ల శిక్షణ. చేరిన నెల తిరుగక మునుపే పిల్లలు ఇంట చెప్పు ఫిర్యాదు ఒకటి కలదు. ఉదయము మొదలు సాయంకాలము దాక ఒక యినుప ముక్కను రుద్దించుచున్నారనియు, యంత్రముల చెంతకు పోనిచ్చుట లేదనియు, రుద్ది రుద్ది కొలతకు తెచ్చిన ముక్కను తుదకు తుక్కు పెట్టెలో పడవేయుచున్నారనియు వారందురు. విన్న తల్లిదండ్రులకును ఇది వింతగానే తోచును. కంప్యూటరుతో నడచు యంత్రములు వచ్చిన ఈ కాలమున ఆకురాయి పట్టుట యెందులకని అడుగు పెద్దలును కలరు.

ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము చెప్పుటకై ఈ వ్యాసము. అభ్యాసపు ముక్కలు ఏవి, వాని నా క్రమముననే ఏల చేయింతురు, ఒక్కొక్కటి చేతికి ఏమి నేర్పును అను సంగతులు తెలిసినచో, రుద్దుడు వట్టి రుద్దుడుగా కనబడదు.

మన ప్రాంతమునకు ఈ విద్యతో గల సంబంధమును ముందుగా గుర్తు చేసికొందము. సండూరు కొండలలో ఇనుప ఖనిజము, తోరణగల్లులో ఉక్కు కర్మాగారము, కుడితినిలో విద్యుత్కేంద్రము, సరిహద్దు దాటినంతనే గుంతకల్లులో రైలు ఇంజనుల షెడ్డు, పట్టణములో జీన్సు బట్టల కుట్టుయంత్రములు, పల్లెలలో నీటి పంపులు, ట్రాక్టర్లు కలవు. వీనిలో అరుగని భాగమనునది లేదు. అరిగిన భాగము క్రొత్తది దొరికినను దానిని ఉన్నచోట సరిగా అమర్చువాడు కావలెను. దొరకనిచో చేసి యిచ్చువాడు కావలెను. ఇక కంప్యూటరు యంత్రము మాటకు వత్తుము. అది చెప్పిన దూరము చెప్పినట్లు నడచును గాని, ముక్క వంకరగా బిగింపబడినదో లేదో దానికి తెలియదు. బిగించువానికి తెలియవలెను. ఆ తెలివి వ్రేళ్లకు వచ్చు త్రోవ ఆకురాయియే.

మట్టమైన ముఖము

మొదటి అభ్యాసము చూచుటకు స్వల్పము. అరచేతి వెడల్పు గల మెత్తని ఉక్కు పలక నొకదానిని వైసులో బిగించి, దాని యొక ముఖమును మట్టముగా చేయవలెను. అంతే. కాని దీనికి పట్టు దినములు చూచి ఆశ్చర్యపడనివారు లేరు.

కారణము తెలిసికొనుడు. ఆకురాయి ముందుకు త్రోయునప్పుడే కోయును. వెనుకకు తెచ్చునప్పుడు ఒత్తిడి తీసివేయవలెను. లేనిచో పండ్లు మొక్కవోవును. త్రోపు ఆరంభమున కొనను పట్టిన ఎడమచేతి ఒత్తిడి ఎక్కువగాను, పిడిని పట్టిన కుడిచేతి ఒత్తిడి తక్కువగాను ఉండవలెను; నడుమకు వచ్చుసరికి రెండును సమానము కావలెను; చివరకు కుడిచేతిది హెచ్చవలెను. ఈ మార్పు క్షణములో జరుగవలెను, ప్రతి త్రోపునకును జరుగవలెను. జరుగనిచో ఆకురాయి ఏతపు మ్రాను వలె ముక్కపై ఊగును. ఊగినచో అంచులు తరుగును, నడుమ మిగులును, ముఖము తాబేటి వీపు వలె తేలును. కంటికి మట్టముగానే కనబడును. ఉక్కు కొలబద్ద అంచును దానిపై నిలిపి కిటికీ వైపు ఎత్తి చూచినచో రెండు చివరల సన్నని వెలుతురు గీత కనబడును. ఆ వెలుతురు అబద్ధమాడదు.

కొన్ని చిన్న సంగతులు ఇచ్చట చెప్పదగును. వైసు దవడ నిలుచున్నవాని మోచేతి ఎత్తున నుండవలెను. పొట్టిపిల్లలకు కాళ్లక్రింద పలక వేయుట సిగ్గుపడవలసిన పని కాదు. పిడి లేని ఆకురాయిని ముట్టరాదు, దాని తోక అరచేతిలో దిగును. పండ్ల నడుమ ఉక్కు పొడి చిక్కుకొని ముఖముపై లోతుగా గీరును. మునుముందుగా సుద్ద రుద్దినచో పొడి అంతగా పట్టదు, పట్టినదానిని తీగ బ్రష్షుతో తీయవచ్చును. ఒకే దిక్కున రుద్దక, కొంతసేపు ఈ మూలనుండి ఆ మూలకు, కొంతసేపు రెండవ మూలనుండి రుద్దవలెను. పాత గీతలపై క్రొత్త గీతలు ఎచ్చట పడినవో చూచినచో ఎత్తు ఎచ్చట నున్నదో ముక్కయే చెప్పును. బడిలో పలకపై దిద్దినట్లు, ఇదియు దిద్దుటయే.

మట్టమును గూర్చి చరిత్రలో ఒక రమ్యమైన యుక్తి కలదు. ఒక ముఖము మట్టముగా నున్నదని తెలిసికొనుటకు మట్టమైన మరియొక వస్తువు కావలెను గదా! లోకములో మొట్టమొదటి మట్టపు పలకను దేనితో సరిచూచిరి? ఇంగ్లండు దేశపు యంత్రశిల్పి జోసెఫ్ విట్‌వర్తు 1840లో ఈ విషయమును పండితసభ యెదుట వివరించెను. అతడు యౌవనమున లండనులో హెన్రీ మాడ్‌స్లే యను ప్రసిద్ధ యంత్రశిల్పి పనిశాలలో పనిచేసినవాడు. యుక్తి యిది: రెండు పలకలను ఒకదానిపై నొకటి ఆనించి, ఎత్తులను గీకి సవరించుచు పోయినచో, రెండును అతుకును గాని మట్టమని నిశ్చయము లేదు. ఒకటి మూకుడు వలె గుంటుపడి, రెండవది ఆ గుంటలో నిమిడియుండవచ్చును. కాబట్టి మూడు పలకలు తీసికొనవలెను. మొదటిది రెండవదానితోను, రెండవది మూడవదానితోను, మూడవది మొదటిదానితోను అతుకవలెను. రెండవది మూడవది రెండును మొదటిదానికి అతుకునట్లు ఉబ్బినవైనచో, వానిని తమలో తాము కలిపినప్పుడు ఉబ్బు ఉబ్బును ఢీకొని అంచులు ఎడమగా నిలుచును. మూడును మూడింటితో అన్ని ప్రక్కలకు త్రిప్పి చూచినను అతుకవలెనన్నచో, అవి మట్టముగా నుండుట తప్ప వేరు మార్గము లేదు. ఏ గురువును, ఏ కొలసాధనమును లేకయే సత్యము బయల్పడినది. రేఖాగణితము ఇష్టపడు విద్యార్థులు దీనిని కాగితముపై గీసి చూడుడు.

మంచి అభ్యాసపు పనికి గుర్తు కూడ ఇదియే అని నా అభిప్రాయము. తప్పును పరీక్షకుడు వెదకి చెప్పవలసినది తక్కువరకము. చేసినవానికి తనంత తానే తప్పు చూపునది మేలురకము. ఇక ముందు చెప్పబోవు పనులన్నిటిని ఈ గుర్తు చూచియే ఎంచితిని.

చతురస్రము, దాని గూడు

మట్టము కుదిరిన పిదప మూల. రెండవ ముఖమును మొదటిదానికి నిలువుగా రుద్ది, మూలమట్టముతో వెలుతురునకు ఎత్తి చూడవలెను. ఆపై కొలత. ముక్కపై గీతలు గీయుటకు ముందు మైలుతుత్తము నీటిలో కరగించి శుభ్రమైన ముఖముపై పూయుదురు. ఉక్కుపై రాగి పలుచని పొరగా పేరుకొని ముఖము ఎర్రబారును. గీతగీయు మొనతో గీసినచో క్రింది ఉక్కు తెల్లగా మెరయును. రసాయనశాస్త్రమున మీరు చదివిన స్థానభ్రంశ చర్యయే ఇది. ఇనుము రాగిని ద్రావణమునుండి తొలగించి తాను అందులోనికి పోవుచున్నది. మైలుతుత్తము విషము, చేయి కడుగుకొనక అన్నము ముట్టరాదు.

ఈ రెండును వచ్చిన విద్యార్థికి అసలైన పరీక్ష, పనిశాలలో మేల్-ఫిమేల్ ఫిట్టింగు అనునది. తెలుగున దీనిని ముక్క, గూడు అందము. ఒక పలకనుండి చతురస్రపు ముక్కను పొడుచుకొని వచ్చునట్లు చేయవలెను. మరియొక పలకలో అదే కొలత గల గూడు తొలువవలెను. ముక్క గూటిలో చేతి ఒత్తిడితో జారవలెను, కదలరాదు. పటములో అనుమతించు తేడా సామాన్యముగా ఇటు 0.04, అటు 0.04 మిల్లీమీటరు. మనిషి తలవెండ్రుక మందము ఇంచుమించు 0.05 మొదలు 0.1 మిల్లీమీటరు వరకు ఉండును. అనగా సన్నని వెండ్రుకకంటె తక్కువ పాటు లోపల చేయి ఆగవలెను.

గూడు తొలుచుట ఆకురాయితో ఆరంభము కాదు. గీతకు లోపలగా వరుసగా రంధ్రములు వేయుదురు. ప్రక్కలను హాక్సా రంపముతో కోసి, రంధ్రముల నడుమ మిగిలిన సన్నని గోడలను ఉలితో నరికి ముద్దను తీసివేయుదురు. లోపలి మూలలలో ముందుగానే చిన్న రంధ్రము వేయించుట మరువరాదు. ఆకురాయి అంచు మూలదాక పోలేదు, మూలలో మిగిలిన గుండ్రము ముక్కను దిగనీయదు. ఆపై మొదట ముక్కను కొలతకు పూర్తిచేసి, దానినే కొలబద్దగా పట్టుకొని గూటిని సవరించవలెను. రెంటిని ఒకేసారి మార్చుచు పోవువాడు తన నీడను తాను తొక్కబోవువాని వంటివాడు.

ముక్క గూటిలో దిగినది. సంతోషము. ఇప్పుడు దానిని బయటకు తీసి, వెనుకవైపు ముందుకు వచ్చునట్లు తిరుగవేసి మరల దించుడు. దిగలేదా? అట్లయిన చతురస్రము చతురస్రము కాదు. ముక్క ఒక ప్రక్కకు ఒరిగినది, గూడును అదే ప్రక్కకు ఒరిగి దానిని కౌగిలించుకొన్నది. రెండు తప్పులు కలిసి ఒప్పువలె కనబడినవి. విట్‌వర్తు మూడు పలకల సూత్రమే ఇచ్చట మరియొక వేషమున వచ్చినది. నాలుగు విధముల త్రిప్పినను దిగు ముక్కను చేసిన విద్యార్థి ఆ దినమున ఎవరి మెప్పు కొరకును చూడనక్కరలేదు. షట్కోణపు ముక్కయైనచో ఆరు త్రిప్పులు. దానిని రెండవ సంవత్సరమునకు ఉంచుకొనుట మంచిది.

ఈ ముక్కయు గూడును పిల్లల ఆటవస్తువని తలచువారు మన ఏటి ఆనకట్టను ఒకసారి తలచుకొందురు గాక. తుంగభద్ర ఆనకట్టకు 33 క్రెస్టు గేట్లు కలవు. ఒక్కొక్కటి 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. గొలుసులతో వ్రేలాడుచు పైకి క్రిందికి నడచునవి. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి 19వ గేటు గొలుసు లంకె తెగినది, గేటు కొట్టుకొనిపోయినది. నిండిన జలాశయమునుండి నీరు ఏటిపాలగుచుండగా, రెండు రాష్ట్రములేగాక మూడు రాష్ట్రముల రైతులు ఊపిరి బిగబట్టిరి. జలాశయపు గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు పర్యవేక్షణలో, అడ్డముగా దించు ఉక్కు పలకలను సమీప కర్మాగారములలో ఖండములుగా సిద్ధపరచి, ఆగస్టు 16, 17 తేదీలలో ప్రవహించుచున్న నీటిలోనికే ఒకదానిపై నొకటి దించి ద్వారమును మూసిరి. రాతికట్ట గాడిలో ఆ ఖండము దిగవలెను. వెడల్పు మిగిలినచో ఇరుకును, తక్కువైనచో నీరు కారును. కొలత వేరు, బరువు వేరు, అపాయము వేరు. కాని ముక్కయు గూడును అవే.

ఆ గేట్ల విషయముననే మరియొక మాట. హోసపేటలో గేట్లు మొదలగు నీటిపారుదల సామగ్రి చేయు తుంగభద్ర స్టీలు ప్రాడక్ట్సు అను కంపెనీ 1960లో ఏర్పడినది. దాని మూసివేతకు 2015లో కేంద్ర ప్రభుత్వము ఆమోదము తెలిపినది. కర్మాగారము మూతపడినను ఆనకట్ట మూతపడదు. దాని యినుము తుప్పు పట్టుట మానదు. చేతులకు పని నేర్పు బాధ్యత అప్పుడు ఎక్కడో ఒకచోట నిలువవలెను గదా.

ఇంటికి పనికివచ్చు రెండు వస్తువులు

అన్ని అభ్యాసములును తుక్కు పెట్టెకు పోనక్కరలేదు. రెండు మాత్రము విద్యార్థి తనతో నుంచుకొని వాడుకొనదగినవి.

మొదటిది రెండు దవడల క్లాంపు. రెండు ఉక్కు కడ్డీలు, రెండు మరలు. నడిమి మర దవడలను దగ్గరకు లాగును, వెనుక మర వెనుకభాగమును ఎడముగా నెట్టును; అందుచేత ముందు దవడలు సమానముగా మూసికొని పట్టుబిగియును. దీనిలో నేర్వదగినది రంధ్రమునకు మరలు కోయుట. ఎం8 మరకు అడుగు 1.25 మిల్లీమీటరు, 8లో నుండి 1.25 తీసివేసినచో 6.75. కావున ఇంచుమించు 6.8 మిల్లీమీటర్ల బరమాతో రంధ్రము వేయుదురు. ట్యాపును నిట్టనిలువుగా నిలిపి, నూనె వేసి, అరచుట్టు ముందుకు, పావుచుట్టు వెనుకకు త్రిప్పవలెను. వెనుకకు త్రిప్పినప్పుడు చిక్కిన పొట్టు తెగి రాలును. ట్యాపు బలమైన ఉక్కే కాని పెళుసు. బలము చూపినవాని చేతిలో పుటుక్కున విరిగి, రంధ్రములో ఇరుకుకొని, వారము దినముల పనిని పాడుచేయును. రెండు దవడలలోని రంధ్రములు ఒకదానికొకటి ఎదురుగా రానిచో క్లాంపు బిగియుటకు బదులు మెలిపడును. తప్పు మరల బయటపడినది.

రెండవది లేతుపై చేయునది. లేతు అనగానే క్రొత్త వస్తువని తలపరాదు. కట్టెను త్రిప్పుచు ఉలితో చెక్కు సాధనమును మన పెద్దలు తరిమెన అనిరి. ఏటికొప్పాక లక్కబొమ్మలు దానిమీదనే పుట్టును. మాడ్‌స్లే 1800 ప్రాంతమున చేసిన మార్పు ఏమనగా, ఉలిని మనిషి చేతిలోనుండి తీసి ఇనుప బండిపై బిగించి, ఆ బండిని మరతో నడిపించుట. అందుచే ఉక్కుపై ఒకే అడుగు గల మరలు మరల మరల కోయుట సాధ్యమైనది.

లేతుపై తొలి పనిగా తాపీమేస్త్రీలు వాడు తూకపు గుండును చేయుట మేలు. దీనిలో అన్ని పాఠములును ఒకచోట కూడినవి: కొన ముఖమును చదును చేయుట, గుండ్రముగా తీయుట, మెట్టు తీయుట, మొనవైపు వాలుగా తీయుట, పట్టు జారకుండ పైభాగమున గరుకు అద్దుట, మూతకు మర కోయుట, దారము పోవుటకు నడుమ సన్న రంధ్రము వేయుట. పని మొదలిడుటకు మునుపు వేగము లెక్కకట్టవలెను. మెత్తని ఉక్కును హైస్పీడు ఉక్కు పనిముట్టుతో కోయుటకు నిమిషమునకు 25 మీటర్ల వేగము తీసికొందము. ముక్క వ్యాసము 25 మిల్లీమీటర్లు. వేగమును 1000చే గుణించి, వ్యాసమును 3.14చే గుణించిన లబ్ధముచే భాగింపగా సుమారు 318. నిమిషమునకు అన్ని చుట్లు. యంత్రముపై ఆ సంఖ్య దొరకనిచో దానికి దిగువ నున్న వేగమును ఎంచుకొనుడు. వ్యాసము సగమైనచో చుట్లు రెట్టింపు కావలెనని సూత్రమునుండియే గ్రహింపవచ్చును. ఇది ఎనిమిదవ తరగతి లెక్క.

గుండు పూర్తియైన పిదప దానిని దారమున వ్రేలాడదీసి, మొన క్రింద కాగితముంచి, నిశ్చలమైనప్పుడు మొన చూపు చోట చుక్క పెట్టుడు. దారము నట్లే యుంచి గుండును అరచుట్టు త్రిప్పి మరల చూడుడు. మొన చుక్కనే చూపినచో రంధ్రమును మొనయు ఒకే అక్షమున నున్నవి. తొలగినచో, తొలగిన దూరములో సగము తప్పు. అయ్య తాపీపని చేయు ఇంటి పిల్లవాడు ఆ గుండును తీసికొనిపోయి యిచ్చినచో, గోడ యే ఆ పరీక్షను తిరిగి చేయును.

లేతు దగ్గర క్రమశిక్షణ విషయమున వాదోపవాదములు లేవు. ముక్కను పట్టు చక్కునకు తాళము తగిలించి మరచుట, వదులు చేతులు, కంఠమున వ్రేలాడు గుడ్డ, ఉంగరము, చేతి తొడుగు, విరబోసిన జుట్టు, ఇవన్నియు నిషిద్ధములు. తొడుగు రక్షణయని కొందరు తలతురు. తిరుగుచున్న ముక్క దాని కొనను పట్టినచో చేతినే లాగికొనును. ఆడపిల్లలు ఈ వృత్తులలో చేరుటకు అడ్డేమియు లేదు. జడను కట్టి టోపీ క్రింద నుంచుకొని, చున్నీని ఇంట వదలి రావలెను. చురుకైన ఉక్కు పొట్టును చేతితో కాదు, కొక్కెముతో తీయవలెను.

వేసవి చేయు మోసము

మన జిల్లా విద్యార్థికి వేరొక చోటివాని కంటె ఎక్కువగా తెలిసియుండవలసినది ఒకటి కలదు. ప్రపంచమంతట కొలతలు 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద సరియైనవిగా లెక్కింపబడును. బళ్లారిలో ఆ చల్లదనము మార్గశిర పుష్యమాసముల రాత్రులకు తప్ప ఎవరికి తెలియును! ఉక్కు ఒక్కొక్క డిగ్రీకి తన పొడవులో ఇంచుమించు పదిలక్షలలో పన్నెండు పాళ్లు పెరుగును. 100 మిల్లీమీటర్ల కడ్డీ 10 డిగ్రీలు వేడెక్కినచో 0.012 మిల్లీమీటరు పెరుగును. మైక్రోమీటరుపై ఒక గీత 0.01 మిల్లీమీటరు. అనగా గీతకు మించిన తేడా కేవలము వేడి వలననే వచ్చును. ముక్కయు కొలసాధనమును ఒకే ఉక్కువై, ఒకే వేడిలో నున్నచో రెండును కలిసి పెరుగును గనుక హాని స్వల్పము. లేతునుండి అప్పుడే తీసిన కాలుచున్న ముక్కను వెంటనే కొలిచి, కొలత సరిపోయినదని సంతోషించుటలో మోసమున్నది. చల్లారిన పిదప అది చిన్నదగును. ఎండలో నుంచిన మైక్రోమీటరును వాడుటయు అట్టిదే. కొలతకు ముందు రెంటిని ఒకే బల్లపై కొంతసేపు ఉంచి, పిమ్మట కొలువవలెను.

భాషను గూర్చి

తెలుగున చదివి కన్నడ దేశమున పనిశాలకు పోవు పిల్లవాడు వెనుకబడునేమో అను భయము తల్లిదండ్రులలో కలదు. ఇది తేలికగా తీసివేయదగిన భయము కాదు. సిద్ధాంతపాఠములు, పరీక్షాపత్రములు, యజమాని మాటలు వేరు భాషలలో నుండును, వానిని నేర్వవలసినదే. అయితే పనిముట్ల పేర్ల విషయమున భయపడనక్కరలేదు. మన సుత్తి వారికి సుత్తిగె. మన ఉలి వారికిని ఉళి. మన కొలిమి కులుమె. మనము ఆకురాయి అనుదానిని వారు అర అందురు. అరము అను మాట అదే అర్థమున మన నిఘంటువులలోను కలదు, వాడుకలోనే తగ్గినది. ఉక్కు రెండు భాషలలోను ఉక్కే. దక్షిణదేశపు ఉక్కు ఐరోపాకు పోయినప్పుడు అచ్చటివారు దానిని వూట్జు అని పిలిచిరి. అది ఉక్కు అను మాటనుండియే వచ్చినదని పండితులు తలతురు. కాబట్టి పనిశాలలో ఇనుము దగ్గర నిలిచిన కన్నడ బాలుడును తెలుగు బాలుడును ఒక కుటుంబపు మాటలే పలుకుచున్నారు. పటముపై నుండు వ్యాసపు గుర్తు, ఎం8, అనుమతి తేడా చూపు కూడిక-తీసివేత గుర్తు, వీనికి ఏ భాషయు లేదు. పటము చదువుట వచ్చినవానిని ఏ పనిశాలయు భాష పేర త్రోసివేయలేదు. పటము చదువ రానివానిని ఏ భాషయు కాపాడలేదు.

తెలుగు వ్రాయుట మాత్రము మానవద్దు. ప్రతి అభ్యాసమునకు ఒక నోటుపుస్తకము పెట్టుకొని, తేది, కావలసిన కొలత, వచ్చిన కొలత, తేడాకు కారణము అను నాలుగు గళ్లలో స్వభాషలో వ్రాసికొనుడు. "కావలసినది 50.00, వచ్చినది 49.86. కారణము: చివర తొందరపడి పెద్ద ఆకురాయితోనే రుద్దితిని" అని వ్రాసినవానికి మరునాడు ఏమి చేయవలెనో ఎవరును చెప్పనక్కరలేదు. తల్లిదండ్రులును ఇంటికి వచ్చిన పిల్లలను ఈ రోజు ఏమి చేసితివని కాక, తేడా ఎంత వచ్చినదని అడిగిచూడుడు. అక్షరములు రాని తల్లియు అడుగదగిన ప్రశ్నయే అది. అంకె తగ్గుచున్నదా పెరుగుచున్నదా అనునది చాలును.

ఐ.టి.ఐ.లో చేరుటకు ముందే పాఠశాలలో చేయదగినది ఒకటి కలదు: వెర్నియరు చదువుట. మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలోని వెర్నియరు పది గీతలది, 0.1 మిల్లీమీటరు వరకు చూపును. పనిశాలలోనిదానిపై 49 మిల్లీమీటర్ల పొడవును 50 భాగములు చేసియుందురు. కాబట్టి ఒక్కొక్క భాగము 0.98 మిల్లీమీటరు, ప్రధానమానపు గీతకును దీనికిని తేడా 0.02. చదువు విధమిది: ఉపమానపు సున్న ప్రధానమానముపై 23 దాటి 24కు లోపల నిలిచినదనుకొనుడు; ఉపమానపు 17వ గీత పైనున్న యేదో ఒక గీతతో సరిగా కలిసినదనుకొనుడు. 17ను 0.02చే గుణింపగా 0.34. కొలత 23.34 మిల్లీమీటర్లు. దవడలు పూర్తిగా మూసినప్పుడు సున్నలు రెండును కలియుచున్నవో లేదో ముందే చూచుకొనవలెను. కలియనిచో ఆ తేడాను ప్రతి కొలతలోను సవరించవలెను.

ఇప్పుడు పాఠకులే ఒకటి చేయుడు. ప్రధానమానముపై 41 దాటినది, ఉపమానపు 32వ గీత కలిసినది. దవడలు మూసినప్పుడు ఉపమానపు సున్న ప్రధానమానపు సున్నకు కుడివైపున నిలిచి, ఉపమానపు 2వ గీత కలియుచుండెను. ముక్క సరియైన కొలత ఎంత?